ఒకరు చదవాలి, ఒకరు చూడాలి

అచ్చుకు వెళ్ళే పేజీని చూడడం ఒక్కరి పని కాదు. ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. చదివేవాళ్ళు రాసిచ్చిన కాగితం పట్టుకుని వరుస వరుసా పైకి చదువుతారు. చూసేవాళ్ళు స్క్రీను మీద ఆ వరుస వెంట వేలు నడిపిస్తూ, సరిగ్గా ఉంటే "ఊఁ" అంటారు. ఊఁ వినపడితేనే తరవాతి వరుస. కథ చెప్తూ పిల్లల చేత ఊఁ కొట్టించుకున్నట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ మధ్యలో నిద్రపోతే కుదరదు.

మా ఆయన చదివేవారు, నేను ఊఁ అనేదాన్ని. రాజమండ్రిలో మా మేడ మీద గదిలో చాలా ఏళ్ళు ఇదే మా బతుకుతెరువు. పుస్తకాలు, కాలేజీ మ్యాగజైన్లు, కరపత్రాలు, శుభలేఖలు, ఎవరో ఎక్కడో పేజీలు కట్టిన ఫైళ్ళు మా దగ్గరికి వచ్చేవి. మేం చూసి "సరిగ్గా ఉంది" అని రాసి పంపితేనే ప్రెస్సువాళ్ళు అచ్చు వేసే ప్లేట్లు తీసేవారు. ఆయనది ఏమంత గొప్ప గొంతు కాదు. కాస్త ముక్కుతో పలికేవారు. పెళ్ళి ముహూర్తం చదివినా, పురుగుమందు కరపత్రం చదివినా ఒకటే రాగం. "కాస్త భావం పెట్టి చదవచ్చు కదండీ" అంటే, "భావం పెడితే నువ్వు కథలో పడతావు, తప్పు జారిపోతుంది" అనేవారు.

ఆయన పోయాక అందరూ ఇక ఆ పని మానెయ్యమన్నారు. మానేసి ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మాకు పిల్లలు లేరు. పొద్దున్న లేస్తే మాట్లాడడానికి గోడలున్నాయి, గోడలు ఊఁ అనవు.

ఇద్దరి పని ఒక్కదాన్నీ ఎలా చేస్తున్నానో చెప్తాను, నవ్వకండి. ఇప్పుడు రాతప్రతులు రావు కాబట్టి, ప్రింటు తీసిన కాగితం పట్టుకుని మొదట నేనే పైకి చదివి, ఫోన్లో రికార్డు చేస్తాను. ప్రతి వరుస తరవాతా ఊఁ అనడానికి సరిపడా ఆగుతాను. ఆ తరవాత రికార్డింగు పెట్టుకుని, స్క్రీను మీద వేలు నడిపిస్తూ, నా గొంతుకి నేనే ఊఁ కొడతాను. కన్ను మోసపోయిన చోట చెవి పట్టుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంటే ఆ చప్పుడు కూడా పడుతుంది కాబట్టి ఆపాలి. నడి వేసవిలో మేడ మీద గదిలో ఫ్యాను ఆపుకుని పురుగుమందుల కరపత్రం చదివే మనిషిని ఏమనాలో మీరే అనుకోండి. కింద వాటాలో ఉండే టీచరుగారు మొదట్లో ఒకరోజు మెట్లెక్కి వచ్చి తొంగి చూశారు.

"ఎవరో వచ్చినట్టున్నారండీ, మాటలు వినపడుతున్నాయి."

"ఎవరూ రాలేదండి. నేనే."

ఆవిడ గది నాలుగు మూలలా చూసి, "అలాగాండీ" అని దిగిపోయారు. ఆ వారమంతా నాకు కూరలు పంపించారు. పిచ్చి పట్టిందనుకున్నారో, జాలిపడ్డారో తెలియదు. కూరలు మాత్రం బాగున్నాయి.

ఇప్పుడు ఫైళ్ళు ఫోన్లో వస్తాయి, మనుషులు రారు. ఇదివరకు ధవళేశ్వరం నుంచి రిటైరైన ఇంజినీరుగారొకాయన కాలవల మీద పుస్తకం రాసి, పేజీ పేజీకీ బస్సెక్కి వచ్చి మాతో దెబ్బలాడేవారు. ఇప్పుడు దెబ్బలాడేవాళ్ళు కూడా కరవయ్యారు. "పీడీఎఫ్ పంపానండి, చూసి ఓకే చెప్పండి" అంటారు, అంతే. అప్పుడప్పుడూ కాకినాడ నుంచో, సామర్లకోట నుంచో కొత్తగా డిజైనింగు మొదలుపెట్టినవాళ్ళు ఫోన్ చేసి, "ఏమేం చూడాలో కాస్త చెప్పండి మేడం" అని అడుగుతారు. అడిగారు కదా అని అరగంట చెప్తాను. అవతల టీ తాగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంటుంది. అయినా ఆపను.

అన్నీ ఒకేసారి చూడకూడదు నాయనా, ఒకసారికి ఒకటే అంటాను. మొదట అక్షరాల జోలికే పోవద్దు, కొలత చూడు. రంగు అంచు దాకా ఉన్న చోట, కత్తిరించే గీత దాటి ఇంకాస్త బయటికి పోయి ఉండాలి. లేకపోతే కత్తి వెంట్రుకవాసి పక్కకి జరిగినా తెల్ల చార మిగులుతుంది. లోపల ఉండాల్సినవి అంచుకి దూరంగా ఉండాలి. వినాయకుడి కిరీటం కత్తి కింద పడిందంటే పెళ్ళివారి ముందు తల ఎత్తుకోలేం. రెండోసారి బొమ్మలు చూడు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఫోన్లో ముద్దుగానే ఉంటుంది, అచ్చులో మొహమంతా గళ్ళు పడతాయి. జాగా కుదరలేదని బొమ్మని అద్దంలోలా తిప్పేసేవాళ్ళున్నారు, వినాయకుడి తొండం ఎటు తిరిగిందో పెళ్ళిపెద్ద చూసేదాకా ఎవరికీ పట్టదు. ఇంకోసారి రంగులు. స్క్రీను మీద కుంకుమలా మెరిసే ఎరుపు కాగితం మీద ఇటుకపొడి అవుతుంది. శుభలేఖల్లో నల్ల సిరా వాడరు, అక్షరాలన్నీ మెరూన్లో ఉంటాయి. సన్నటి అక్షరానికి నాలుగు రంగులూ కలిపావంటే, ప్లేటు కాస్త జరిగినా దాని పక్కన దాని నీడ వచ్చి కూర్చుంటుంది. ఫాంట్లు ఫైల్లోనే ఇమిడి ఉన్నాయో లేదో చూడు, లేకపోతే ప్రెస్సు కంప్యూటర్లో నీ తెలుగంతా పిచ్చిగీతలే. ప్లేటు తీశాక ఏడిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

కార్డులో ఫోన్ నంబరుంటే డయల్ చేసి చూడాలని కూడా చెప్తాను. ఇది ఎవరూ చెయ్యరు, నేను చేస్తాను. "ఏమీ లేదండి, శుభలేఖలో మీ నంబరు సరిగ్గా పడిందో లేదో అని చేశాను. పెళ్ళి పనులన్నీ అయ్యాయాండీ?" అంటాను. అయ్యాయనో కాలేదనో చెప్పి పెట్టేస్తారు. కొన్ని రోజులు నేను మనుషులతో మాట్లాడిన మాటలన్నీ అవే.

అన్నిటికన్నా దొంగ తప్పు ఇంకోటుంది. డిజైన్ ఫైల్లో పేర్లు వేసిన పెట్టె, అదే టెక్స్ట్ బాక్సు, చిన్నదైతే, పట్టని వరుసలు అడుగున లోపలే ఉండిపోతాయి. పేజీ చూస్తే నిండుగానే ఉంటుంది, ఏమీ తెలియదు. పెట్టె మూల చిన్న ఎర్ర గుర్తొకటి పడుతుంది. దాన్ని చూసుకుని పెట్టెని కిందికి లాగితే దాక్కున్నవాళ్ళంతా బయటికొస్తారు. "ఉన్న తప్పు కంటికి తగులుతుంది, లేని వరుస దేనికి తగులుతుంది? అందుకే చదివే మనిషి కావాలి" అనేవారు మా ఆయన.

ఆయన పెట్టిన నియమం మరొకటుంది. మనం గుర్తు పెడతాం, దిద్దం. తప్పు ఎంత చిన్నదైనా, మనకెంత తెలిసినా, గుర్తు పెట్టి వెనక్కి పంపాలి. దిద్దేది ఆ కాగితం సొంతదారు. "ఎవరి వంటింట్లో గిన్నెలు వాళ్ళే సర్దుకోవాలి" అనేవారు. దీని మీద మేమిద్దరం ఎన్నిసార్లు వాదించుకున్నామో. ఇప్పుడు వాదించేవాళ్ళు లేరు కాబట్టి నియమం నిలిచిపోయింది.

మా అన్నయ్యది కోనసీమలో మా పుట్టిల్లే, కొబ్బరితోటలు చూసుకుంటాడు. వాళ్ళమ్మాయి ఇంటరు నుంచి డిగ్రీ దాకా మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. మా ఆయన ప్రెస్సుకి వెళ్ళినప్పుడు చదివే కుర్చీలో అది కూర్చునేది. దొంగముండ, నన్ను పరీక్షించడానికి మధ్యలో కాగితంలో లేనివి కలిపి చదివేది. ఏదో కాలేజీ వార్షిక నివేదిక చదువుతూ, అదే గొంతుతో, "మా అత్తకి కోపమెక్కువ, పొద్దుట్నించీ ఎవరితోనూ మాట్లాడ్డం లేదు" అనేసేది. నేను అలవాటు చొప్పున ఊఁ అన్నానా, ఇక ఇల్లెగిరిపోయేలా నవ్వు. అనకుండా ఆగితే, "ఊఁ అనవేంటత్తా" అని దబాయించేది. ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ మాకు పిల్లలు లేరన్న సంగతి మా ఇద్దరికీ గుర్తు లేదు. ఇది నేను ఎవరితోనూ అనలేదు, ఇప్పుడంటున్నాను.

ఇప్పుడది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్నటి వేసవిలో దానికి పెళ్ళి కుదిరింది. కాకినాడలో ఎవరి చేతో శుభలేఖ డిజైన్ చేయించి, పీడీఎఫ్ కాకుండా ఆ డిజైన్ ఫైలే అన్నయ్య నాకు పంపించాడు. "నీ చేతి మీదుగా వెళ్తే తప్పుండదమ్మా" అని కింద రాశాడు.

ప్రింటు తీసుకుని కూర్చున్నాను. పైన దైవప్రార్థన కింద కీర్తిశేషుల ఆశీస్సులని ఉంటాయి కదా, అక్కడ మా నాన్నగారు, అమ్మ, వాళ్ళ పక్కనే మా ఆయన పేరు. అన్నయ్య బావని మర్చిపోలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని, ఫ్యాను ఆపి, రికార్డింగు నొక్కి చదవడం మొదలుపెట్టాను. వధూవరులు, ముహూర్తం, కల్యాణమండపం, విందు, ఆహ్వానించేవాళ్ళు, చివర అభినందనలతో అంటూ బంధువుల వరస. ఆయన చెప్పినట్టే భావం ఏమీ పెట్టకుండా చదివాను.

కొలతలు చూశాను, రంగులు చూశాను, తారీకూ వారమూ కలిశాయో లేదో క్యాలెండరులో చూశాను. అన్నీ బాగున్నాయి. కాకినాడ ఆయన పనిమంతుడే అనుకున్నాను. తరవాత రికార్డింగు పెట్టుకుని స్క్రీను ముందు కూర్చున్నాను. నా గొంతు చదువుతోంది, నేను ఊఁ అంటున్నాను. పెదనాన్న, పెద్దమ్మ. ఊఁ. బాబాయి, పిన్ని. ఊఁ. మేనత్త, మావయ్య అని మా ఇద్దరి పేర్లూ చదివింది నా గొంతు. నా వేలు ఆగిపోయింది. స్క్రీను మీద ఆ వరుస లేదు.

పెట్టె చిన్నదై లోపల ఉండిపోయిందనుకున్నాను. నిజం చెప్తున్నాను, అలా అనుకుని సంతోషపడ్డాను. ఎర్ర గుర్తు కోసం వెతికాను. లేదు. అయినా పెట్టెని కిందికి లాగాను. ఇంకా కిందికి లాగాను. తెల్ల కాగితమే వచ్చింది తప్ప ఎవరూ రాలేదు. ప్రింటు తీసిన కాగితం చేతిలోకి తీసుకుని చూశాను. అందులోనూ లేదు. లేని వరుసని నా నోరే చదివింది.

అన్నయ్య ఇంట్లో ఏ కార్డు అచ్చయినా, గృహప్రవేశమైనా, ఇదే పిల్ల ఓణీల ఫంక్షనైనా, పెద్ద మేనల్లుడి పెళ్ళైనా, బాబాయి పిన్నిల తరవాత మా ఇద్దరి పేర్లూ ఉండేవి. నోటికి ఆ దారి అలవాటు. కళ్ళు అక్కడ ఖాళీ చూసినా, నోరు ఆగకుండా నడిచిపోయింది. ప్రూఫు చూసేవాళ్ళకి వచ్చే రోగమే ఇది, ఉండాలనుకున్నది ఉన్నట్టే చదివేస్తాం.

భర్త పోయిన ఆడదాని పేరు శుభలేఖలో వెయ్యరు. ఇది నాకు తెలియని సంగతా? ఎన్ని కార్డులు చూశాను. కీర్తిశేషులని మగాయన పేరు పైన దర్జాగా ఉంటుంది. కింద వరసలో ఆవిడ ఉండదు. చూసి ఊఁ అనుకుని ముందుకెళ్ళిపోయేదాన్ని. మన గుమ్మంలోకి వచ్చేదాకా ఏదీ తెలియదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం తెలిసింది. ఫ్యాను వెయ్యడం కూడా మర్చిపోయి అలాగే కూర్చున్నాను.

ఫైలు నా చేతిలోనే ఉంది. ఒక్క వరుస టైపు చేస్తే అయిపోయేది. ప్రెస్సువాళ్ళు నన్ను అడగరు, అన్నయ్యకి కార్డులు చేతికొచ్చేదాకా తెలియదు. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది కూడా. కానీ మనం గుర్తు పెడతాం, దిద్దం. ఆ మాట ముక్కు గొంతుతో నా చెవిలో వినపడింది. కీబోర్డు పక్కకి తోసేశాను. బాబాయి పిన్నిల కింద, మాట తప్పినచోట పెట్టే గుర్తు ఎర్రగా పెట్టి, పక్కన "ఇక్కడ ఒక వరుస లేదు, చూడగలరు" అని రాసి అన్నయ్యకి తిప్పి పంపాను. అందరికీ రాసే మాటే రాశాను.

మర్నాడు పొద్దున్న అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఏదో గుర్తు పెట్టావు."

"పెట్టానన్నయ్యా."

"ఏదో లేదన్నావు."

"ఏం లేదో నీకు తెలీదా?"

అవతల తోటలో మోటారు ఆపేసి మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చాడు.

"డిజైన్ చేసినాయన అన్నాడమ్మా, ఇలాంటివి వెయ్యరండి, మగపెళ్ళివారు ఏమైనా అనుకుంటారు అని. మీ వదిన కూడా పోనీలెండి అంది. నీకు చెబుదామంటే నాకు నోరు రాలేదు. అందుకే ఫైలు నీకు పంపించాను."

"అంటే?"

"ఎలాగూ నీ చేతిలోకి వస్తుంది కదా. నీకు కావాలనుంటే నువ్వే వేసేసుకుంటావనుకున్నాను. నేను చూసీ చూడనట్టు ఊరుకుందును."

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్య మంచితనం మీదే మండింది.

"నా పేరు నేను వేసుకోవాలా? పిలవని పేరంటానికి వచ్చిన మనిషిలా కనపడుతున్నానా అన్నయ్యా?"

"అలా అనకమ్మా."

"మరెలా అనమంటావు? బావ పేరు పైన వేశావు. పోయినాయన వచ్చి ఆశీర్వదించాలి, బతికున్న నేను కనపడకూడదు. బాగుంది."

అన్నయ్యని మాట్లాడనివ్వలేదు. నేనే చెప్పాను.

"వేస్తే నువ్వు వెయ్యి. వెయ్యకపోతే ఉన్నదున్నట్టు పంపించు, చూసి పెడతాను. ఆ వరుస మాత్రం నేను ముట్టుకోను."

ఫోన్ పెట్టేశాక ఫ్యాను వేసుకుని కూర్చున్నాను. ఎంత మాటన్నాను, తోడబుట్టిన అన్నయ్యని. ఇక పెళ్ళికైనా పిలుస్తాడా అనిపించింది. తరవాతి రోజుల్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఒకసారి ప్రెస్సువాళ్ళు చేశారు, "అమ్మా, ఆ శుభలేఖ ప్లేట్లు తీసేయమంటారా" అని. "ఆగండి" అన్నాను. అంతకన్నా ఏం చెప్తాను? గోదావరి బ్రిడ్జి మీద రైళ్ళు పోతున్నాయి, కింద టీచరుగారి కుక్కర్ కూస్తోంది, నేను మేడ మీద ఆ ఖాళీ గురించే ఆలోచిస్తున్నాను. నాకు ఆ కార్డులో చోటు కావాలి. గొప్ప కోసం కాదు. ఆయన పోయాక నేను ఎవరి మనిషినో చెప్పే కాగితం నా దగ్గర ఒక్కటీ లేదు. ఆ పిల్లకి మేనత్తనని ఒక్కచోట అచ్చులో ఉండాలి, అంతే.

మధ్యలో రోజూ ఇంకెవరివో ఫైళ్ళు వచ్చాయి. చదివాను, ఊఁ అన్నాను. ఏం చదివానో గుర్తు లేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య దగ్గర్నుంచి కొత్త ఫైలు వచ్చింది. ఈసారి కింద ఒక్క మాటా రాయలేదు. వెంటనే తెరవలేదు. ఉన్నదున్నట్టే పంపమన్నది నేనే కదా. మంచినీళ్ళు తాగి, ఆరేసిన బట్టలు మడతపెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. అంతలో హైదరాబాద్ నుంచి మేనకోడలి ఫోను.

"అత్తా, నాన్న కార్డు పంపారట కదా. చూశావా?"

"లేదే. ఇప్పుడే వచ్చింది."

"నా దగ్గర కూడా ఉంది. నేను చదువుతాను, నువ్వు చూడు. పాతకాలంలోలాగా."

దానికి ఎంత తెలుసో, ఏం తెలియదో నేను అడగలేదు. ఫోను స్పీకర్లో పెట్టి ఫైలు తెరిచాను. చాలా కాలానికి నా గొంతు కాని గొంతు ఆ గదిలో చదువుతుంటే, ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆపక్కర్లేదు కదా అనుకున్నాను. కీర్తిశేషుల దగ్గర మావయ్య పేరు చదివేటప్పుడు దాని గొంతు కాస్త తగ్గింది. ఊఁ అన్నాను. ముహూర్తానికి ఊఁ. మండపానికి ఊఁ. విందుకి ఊఁ. వేలు ఒక్కో వరుసా దిగుతోంది. కిందికి చూడకుండా, అది చదివిన వరుస మీదే చూపు పెట్టుకున్నాను.

"పెదనాన్న, పెద్దమ్మ" అని పేర్లు చదివింది. ఊఁ. "బాబాయి, పిన్ని." ఊఁ.

"మేనత్త" అని, నా పేరు చదివింది.

నాకు తెలుసు దీని సంగతి. కాగితంలో లేనిది కలిపి చదవడం మా ఇంట్లో ఉన్నప్పటినుంచీ దానికి అలవాటే. నన్ను నవ్వించడానికో, ఓదార్చడానికో కలిపేసింది అనుకున్నాను. వేలు కదలలేదు. అవతల అదీ ఆగింది, తరవాతి వరుస చదవలేదు.

"ఊఁ అనవేంటత్తా?"

అప్పుడు వేలు కిందికి దించి చూశాను. మెరూన్ రంగులో, మిగతా వరుసలెంత ఉన్నాయో అంతే పెద్దగా, ఉంది.

"ఊఁ" అన్నాను.